పాలబండి నడిపేవారికి ఏ లైసెన్సు ఉండాలి?

(ప్రాథమిక పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఆడిట్ అభ్యంతరాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నిల్వల పుస్తకం, వోచర్లు, మినిట్స్ పుస్తకం గురించి మీరు నా నోట ఇదివరకే చాలాసార్లు విన్నారు. ఈ పూట వాటిని పక్కనబెట్టి, ఏ ఆడిట్ ఫారంలోనూ గడి లేని ఒక విషయం చెబుతాను. అది పాలబండి డ్రైవరు లైసెన్సు. ఇది రవాణా శాఖవారి పని గదా, సహకార ఇన్‌స్పెక్టరుకు ఇందులో జోక్యమేమిటని కొందరికి అనిపించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అలా అనుకోవడంవల్ల జరిగిన నష్టం ముందు చెబుతాను.

నేను తనిఖీ చేసే సంఘాల్లో ఒకటి, పేరు చెప్పను, మంచి సంఘం. పాల సేకరణ బాగుంటుంది, వెన్న శాతం దగ్గర తగవులు లేవు, ఏటా బోనసు పంచేవారు. వారికి క్యాన్లు మోసే చిన్న వ్యాను ఒకటి ఉండేది. దాన్ని నడిపే మనిషి ఇరవై ఏళ్లుగా అదే రూటులో ఉన్నాడు. ఒక్కనాడు ఒక్క క్యాను ఒలకబోసి ఎరగడు. తరువాత ఊళ్లో బల్క్ కూలర్ పెట్టారు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల పాలు అక్కడికే రావడం మొదలైంది. వ్యాను చాలక ట్యాంకరు బండి కొన్నారు. తీర్మానం ఉంది, కొటేషన్లు ఉన్నాయి, బీమా కట్టారు, అన్నీ సక్రమమే. పాత డ్రైవరునే పెద్ద బండి ఎక్కించారు. జీతం కొంచెం పెంచారు. ఆ జీతం వోచర్ల మీద టిక్కు పెట్టినవాణ్ణి నేనే.

ఒకనాటి తెల్లవారుజామున ఆ ట్యాంకరు సైకిలుమీద పోతున్న ఒక కూలీని కొట్టింది. మనిషి బతికాడు గాని కాలు పోయింది. కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునలుకు వెళ్లింది. అక్కడ బీమా కంపెనీ వకీలు అడిగినది ఒక్కటే ప్రశ్న: ఈ డ్రైవరుకు ఈ బండి నడపడానికి లైసెన్సు ఉన్నదా? ఉన్నది లైటు మోటారు వాహనానికి. బండి ఆ తరగతి దాటిన బండి. కూలీకి పరిహారం ముందు బీమా కంపెనీ చెల్లించాలి, ఆ మొత్తాన్ని తరువాత సంఘంనుంచి రాబట్టుకోవచ్చు అని తీర్పు వచ్చింది. సంఘం తన బండి మరమ్మతుకోసం వేసుకున్న క్లెయిము కూడా అదే కారణంమీద పోయింది. ఆ ఏడూ, ఆ మరుసటి ఏడూ సభ్యులకు బోనసు లేదు.

సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దామె లేచి, "నాయనా, మా గేదె ఇచ్చిన పాలకూ ఆ అబ్బాయి లైసెన్సుకూ ఏం సంబంధం?" అని నన్నే అడిగింది. నేను ఏదో చెప్పాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ తరువాతే చట్టం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

ఇక విషయానికి వస్తాను. బండి లైటా, మీడియమా, హెవీయా అనేది చూపునుబట్టి చెప్పేది కాదు. చక్రాలు లెక్కపెట్టి చెప్పేదీ కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం బరువునుబట్టి విభజించింది. సరుకు బండి స్థూల బరువు, అంటే బండి సొంత బరువూ, దానికి అనుమతించిన సరుకు బరువూ కలిపి, 7,500 కిలోలు దాటకపోతే అది లైటు మోటారు వాహనం. 12,000 కిలోలు దాటితే హెవీ. మధ్యలో ఉన్నది మీడియం. ఈ స్థూల బరువు ఆర్.సి. పుస్తకంలో రాసి ఉంటుంది. మీరు చూడవలసినది ఆ అంకె.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "బండి ఖాళీగా వస్తోంది గదండీ, ఖాళీ బండికి హెవీ లైసెన్సు ఎందుకు?" అని అడుగుతారు. ఆనాడు బండిలో ఎంత సరుకుందో చట్టం చూడదు. ఆర్.సి.లో నమోదైన బరువే చూస్తుంది. పాలు దించి ఖాళీ ట్యాంకరుతో ఇంటికి వస్తున్నా అది పెద్ద బండే. ట్రాక్టరుకు మాత్రం లెక్క వేరు. ట్రాక్టరుకు, కారుకు, రోడ్డు రోలరుకు ఖాళీ బరువే ప్రమాణం. మన పొలాల్లో తిరిగే ట్రాక్టర్లేవీ ఖాళీ బరువు 7,500 కిలోల దరిదాపుల్లో ఉండవు కనుక అవి లైటు తరగతిలోనే ఉంటాయి. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు వెనుక ట్రాలీ తగిలించినంతమాత్రాన ఆ లైసెన్సు చెల్లకుండా పోదని 2001లోనే సుప్రీంకోర్టు నాగశెట్టి కేసులో చెప్పింది.

ఇప్పుడు మన బండ్లకు లెక్క వేద్దాం. లాక్టోమీటరు పట్టే మీకు ఈ లెక్క నేను నేర్పనక్కరలేదు. లాక్టోమీటరు 28 చూపితే లీటరు పాలు 1,028 గ్రాములు. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. అరవై క్యాన్లంటే పాలు దాదాపు రెండున్నర టన్నులు, పైన క్యాన్ల బరువు. ఇంత మోసే వ్యాన్లు సాధారణంగా లైటు తరగతిలోనే ఇముడుతాయి. ఊళ్లలో క్యాన్లు ఏరుకొచ్చే చిన్న ట్రాలీలు, పికప్ బండ్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

ట్యాంకరు దగ్గర కథ మారుతుంది. 5,000 లీటర్ల ట్యాంకు నిండితే పాల బరువే 5,140 కిలోలు. దానికింద ఛాసిస్, క్యాబిను, స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు, దాని చుట్టూ ఇన్సులేషన్, ఇవన్నీ కలిపి మూడు టన్నులకు తగ్గవు. అంటే 7,500 గీత దాటింది. పదివేల లీటర్ల ట్యాంకరైతే పాలే పది టన్నుల పైచిలుకు కనుక అది హెవీలోకి పోతుంది. నేను చెప్పిన సంఘంలో జరిగింది ఇదే. క్యాన్ల బండినుంచి ట్యాంకరుకు మారినరోజున సంఘం ఒక గీత దాటింది. ఆ గీత ఉన్నదని ఎవరికీ తోచలేదు. ట్యాంకు కొలత మనకు లీటర్లలో నోటికి వస్తుంది, చట్టమేమో కిలోల్లో మాట్లాడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

లైసెన్సుమీద తరగతులు ఎలా రాసి ఉంటాయో చెబుతాను. ఎం.సి.డబ్ల్యు.జి. అంటే గేరున్న మోటారు సైకిలు. ఎల్.ఎం.వి. అంటే లైటు మోటారు వాహనం. ట్రాన్స్ అంటే రవాణా వాహనం. పాత లైసెన్సులమీద హెచ్.జి.వి., హెచ్.టి.వి. అని కూడా కనిపిస్తాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందంటే, 1988 చట్టం మొదట మీడియం సరుకు బండి, మీడియం ప్రయాణికుల బండి, హెవీ సరుకు బండి, హెవీ ప్రయాణికుల బండి అని నాలుగు తరగతులు పెట్టింది. 1994 సవరణలో ఆ నాలుగూ తీసేసి 'రవాణా వాహనం' అనే ఒకే మాట పెట్టారు. అది ఆ ఏడు నవంబరు 14నుంచి అమలులోకి వచ్చింది.

ఆ ఒక్క మాటతో పెద్ద తగవు పుట్టింది. పాలు మోసే చిన్న వ్యాను బరువునుబట్టి లైటు వాహనం, పనినుబట్టి రవాణా వాహనం. మరి ఎల్.ఎం.వి. లైసెన్సు ఒక్కటే ఉన్నవాడు దాన్ని నడపవచ్చునా, లేక రవాణా ఎండార్స్‌మెంటు ప్రత్యేకంగా కావాలా? బీమా కంపెనీలు కావాలన్నాయి. బండ్ల యజమానులు అక్కరలేదన్నారు. రెండు దశాబ్దాలపైన కోర్టుల్లో ఒకచోట ఒక మాట, ఇంకోచోట ఇంకొక మాట. 2017 జూలై 3న ముకుంద్ దేవాంగన్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎండార్స్‌మెంటు అక్కరలేదన్నది. బీమా కంపెనీలు దాన్నీ ప్రశ్నించాయి. చివరకు 2024 నవంబరు 6న బజాజ్ అలయన్జ్, రంభాదేవి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అదే మాటను ఖాయం చేసింది. 7,500 కిలోలలోపు బండి అయితే, అది సరుకు బండి అయినా సరే, ఎల్.ఎం.వి. లైసెన్సు చాలు. రవాణా వాహనాలకోసం చట్టంలో పెట్టిన అదనపు అర్హతలు ఆ బరువు దాటిన మీడియం, హెవీ బండ్లకే వర్తిస్తాయి.

ఈ తీర్పు మన క్యాన్ల బండ్లవారికి గొప్ప ఊరట. చిన్న వ్యానుకు బ్యాడ్జి లేదని, ఎండార్స్‌మెంటు లేదని క్లెయిము కొట్టివేస్తే కార్యదర్శులు ఇకమీదట తలవంచుకుని వచ్చేయనక్కరలేదు. ఈ తీర్పు పేరు, తేదీ రాసుకోండి, వకీలుకు చెప్పండి. వెనకటి రోజుల్లో ఈ సంగతి తెలియక, పోరాడవలసిన క్లెయిములు వదులుకున్న సంఘాలు నాకు తెలుసు. అయితే ఈ తీర్పును చేతబట్టుకుని ట్యాంకరుకు కూడా ఎల్.ఎం.వి. చాలుననుకుంటే మాత్రం మోసపోతాము. తీర్పు ఆ గీతను చెరపలేదు. ఇంకా గట్టిగా గీసింది. పోయిన నెలలో ఒక పాలకవర్గ సభ్యుడు నాతో, "ఇన్‌స్పెక్టరుగారూ, కోర్టే చెప్పింది గదండీ, ఇక ఏ బండికైనా ఒకటే లైసెన్సు" అన్నారు. కాదండీ. 7,500 కిలోల లోపుకే.

ప్రమాదకరమైన సరుకు కూడా ఈ సడలింపులో లేదు. అలాగే బ్యాటరీతో నడిచే ఈ-కార్టులకు, ఈ-రిక్షాలకు వేరే నిబంధనలున్నాయి. పాలు ప్రమాదకరమైన సరుకేమీ కాదు గాని, శీతలీకరణ కేంద్రాలున్నచోట అమ్మోనియా ఉంటుంది. పాలు దించిన బండి ఖాళీగా వస్తోంది గదా అని పట్నంనుంచి అమ్మోనియా సిలిండర్లు అందులోనే వేయించుకుని రావడం నేను కళ్లారా చూశాను. అది మామూలు సరుకు కాదు. దాన్ని మోసే డ్రైవరుకు ప్రత్యేక శిక్షణ ఉండాలి, లైసెన్సుమీద ఆ సంగతి ఎక్కి ఉండాలి. బాడుగ కలిసొస్తుందని ఆ పని చేయించవద్దు. సరఫరా చేసేవారి బండిలోనే తెప్పించుకోండి.

ఇక తేదీల సంగతి. లైసెన్సు కార్డుమీద రెండు గడువు తేదీలుంటాయి. ఒకటి రవాణా కాని వాహనాలకు, ఇంకొకటి రవాణా వాహనాలకు. మొదటిది చాలా ఏళ్లు ఉంటుంది. ముప్పై ఏళ్లలోపు తీసుకున్నవారికి నలభయ్యో ఏడు వచ్చేదాకా, ఆపైన యాభై లోపువారికి పదేళ్లు. రవాణా తరగతికి మాత్రం అయిదేళ్లే. 2019 సవరణకు ముందు మూడేళ్లే ఉండేది. కార్యదర్శి కార్డు చూస్తాడు, పెద్ద తేదీ కంటికి ఆనుతుంది, ఇంకా చాలా గడువుందనుకుని తిరిగి ఇచ్చేస్తాడు. పెద్ద బండికి చూడవలసిన తేదీ రెండోది. ఇదివరలో గడువు తీరినా ముప్పై రోజులవరకు లైసెన్సు చెల్లుబాటయ్యేది. ఆ వెసులుబాటు 2019 సవరణలో పోయింది. గడువు తీరిన మరునాడు డ్రైవరు స్టీరింగు పట్టుకుంటే లైసెన్సు లేకుండా పట్టుకున్నట్లే. గడువుకు ఏడాది ముందునుంచే రెన్యూవల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు కనుక ఆఖరిదాకా ఆగవలసిన పనిలేదు. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ పరీక్ష ఇవ్వాలి. రవాణా తరగతికి డాక్టరు ధ్రువపత్రం కూడా కావాలి. అది ఏదో కాగితమని తీసిపారేయకండి. మన బండ్లు తిరిగేది చీకటి చాలని వేళల్లో. డ్రైవరు కళ్లు ఎలా ఉన్నాయో అప్పుడైనా తెలుస్తుంది.

మరి ఎల్.ఎం.వి. ఉన్న మన డ్రైవరును పెద్ద బండికి ఎలా అర్హుణ్ణి చేయాలి? ఎల్.ఎం.వి. లైసెన్సు వచ్చి కనీసం ఏడాది అయి ఉండాలి, ఇరవై ఏళ్లు నిండి ఉండాలి. డ్రైవింగు స్కూలులో శిక్షణ పొంది ధ్రువపత్రం తెచ్చుకోవాలి, లెర్నరు లైసెన్సు తీసుకోవాలి, ఆ తరువాత పరీక్ష. ఒకప్పుడు ఎనిమిదో తరగతి చదివి ఉండాలనే నిబంధన ఉండేది. దానివల్ల చేతిలో పని ఉన్న చాలామంది ఆగిపోయారు. 2019లో దాన్ని తీసేశారు. నేను చెప్పిన సంఘంలోని డ్రైవరు ఆ నిబంధనకు భయపడే హెవీకి దరఖాస్తు పెట్టలేదని తరువాత తెలిసింది. నిబంధన తీసేసిన సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆ ఫీజు, శిక్షణ ఖర్చు సంఘమే భరించి ఉంటే ఎంతయ్యేది? ట్యాంకరుకు ఒక జత టైర్లకయ్యే సొమ్ముకూడా కాదు. బండికోసం లక్షలు ఖర్చుపెట్టిన పాలకవర్గం మనిషికోసం ఆ మాత్రం తీర్మానం చేయలేకపోయింది. తప్పు డ్రైవరుదని అందరూ అన్నారు. నేను అనలేకపోయాను.

చట్టంలో బాధ్యత డ్రైవరు ఒక్కడిదే కాదు. తగిన లైసెన్సు లేని మనిషిచేత బండి నడిపించకూడదని 5వ సెక్షను యజమానికి, బండి ఎవరి అధీనంలో ఉందో వారికి కూడా చెబుతుంది. మీరితే 180వ సెక్షను కింద మూడు నెలల జైలు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని. జరిమానా చిన్నదే. అసలు దెబ్బ బీమా దగ్గర తగులుతుంది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. లైసెన్సు లేదన్నంతమాత్రాన బీమా కంపెనీ తప్పించుకోలేదు. యజమాని తెలిసిగాని, తగిన జాగ్రత్త తీసుకోకగాని షరతు మీరాడని కంపెనీయే రుజువు చేయాలి. రుజువైనా దెబ్బతిన్న మూడో మనిషికి పరిహారం ఆగకుండా చూసి, ఆ సొమ్ము యజమానినుంచి రాబట్టుకునే మార్గం కోర్టులు ఇస్తున్నాయి. కాబట్టి "తగిన జాగ్రత్త తీసుకున్నాము" అని చూపగలిగిన సంఘం నిలబడుతుంది. డ్రైవరు తెచ్చిన లైసెన్సు చూశాము, నకలు దాచాము, బండి నడిపించి చూశాము అని చూపగలగాలి. ఏమి చూపుతారు? ఫైలులో కాగితం లేకపోతే నోటిమాట ఎవరు వింటారు?

అందుకే నా తనిఖీలో ఇప్పుడు ఒక పుస్తకం అడుగుతున్నాను. అచ్చు ఫారం ఏదీ లేదు, మామూలు నోటుపుస్తకం చాలు. ఒక పేజీలో బండి నంబరు, ఆర్.సి.లోని స్థూల బరువు, బీమా గడువు. ఎదురు పేజీలో డ్రైవరు పేరు, లైసెన్సు నంబరు, తరగతులు, రెండు గడువు తేదీలు. లైసెన్సు నంబరూ పుట్టిన తేదీ ఉంటే కేంద్ర రవాణా శాఖవారి సారథి పోర్టల్‌లో సెల్‌ఫోనులోనే సరిచూసుకోవచ్చు. కార్డు ఇంట్లో మరిచిపోయానని డ్రైవరు అంటే డిజిలాకరులో చూపించమనండి, అదీ చెల్లుతుంది. చూసిన తేదీ వేసి కార్యదర్శి సంతకం పెట్టాలి.

డ్రైవరు ఒక్కడితో అయిపోదు. డ్రైవరుకు జ్వరమొస్తే ఆ పూట ఎవరు నడుపుతారు? పాలు ఆగవు. రెండు పూటలా బండి కదలాలి. "ఒక్క ట్రిప్పే గదా" అని క్లీనరు కుర్రాణ్ణి ఎక్కిస్తారు, లేదా అధ్యక్షులవారి మేనల్లుడు వస్తాడు. ప్రమాదాలు అలాంటి పూటల్లోనే జరుగుతాయని నేను అనను. కాని జరిగితే చేతిలో ఏమీ ఉండని పూట అదే. బదులు డ్రైవర్లు ఇద్దరి పేర్లు కూడా ఆ పుస్తకంలో ముందే ఉండాలి. పక్క సంఘంతో మాట్లాడుకుని ఒకరి మనిషిని ఒకరు వాడుకోవచ్చు.

కొన్ని సంఘాల్లో బండి సొంతం కాదు, రూటు కాంట్రాక్టరుది. "అది ఆయన గొడవండీ" అంటారు. ఆర్.సి. ఎవరి పేర ఉంటే మొదటి బాధ్యత వారిదే, నిజమే. కాని బండిమీద ఉన్నది మన పాలు. కోర్టు నోటీసు సంఘం తలుపు కూడా తట్టవచ్చు. ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి: ఆర్.సి., బీమా, డ్రైవరు లైసెన్సు నకళ్లు ఇచ్చిన తరువాతే మొదటి బాడుగ బిల్లు చెల్లించబడును. డ్రైవరు మారితే కొత్త నకలు ఇవ్వాలి.

ఇంకొక్క మాట, ఇది బండి కొనబోయే సంఘాలకు. కొటేషను తెప్పించేటప్పుడు ట్యాంకు ఎన్ని లీటర్లని మాత్రమే అడగకండి. స్థూల బరువెంత, మన డ్రైవరు లైసెన్సు దానికి సరిపోతుందా అని అదే తీర్మానంలో రాయించండి. సరిపోకపోతే చిన్న బండి రెండు ట్రిప్పులు తిప్పడమా, డ్రైవరును శిక్షణకు పంపడమా, అర్హుడైన మనిషిని పెట్టుకోవడమా అనేది డబ్బు కట్టకముందే తేలాలి. నేను చెప్పిన సంఘం ఇప్పుడు ఆ పని చేస్తోంది. పాత డ్రైవరు రవాణా తరగతి పరీక్ష రాసి, రెండోసారికి నెగ్గాడు. ప్రస్తుతం క్యాన్ల వ్యానే నడుపుతున్నాడు. ట్యాంకరు తనంతట తానే వద్దన్నాడు.

మీలో కొందరు ఆర్.సి. నకళ్లు తెచ్చుకున్నారని అధ్యక్షులవారు చెప్పారు. టీ తరువాత ఆ వెనుక బల్లదగ్గర కూర్చుంటాను. నకలు తీసుకుని ఒక్కొక్కరే రండి, మీ బండి గీతకు ఇవతల ఉందో అవతల ఉందో కలిసి చూద్దాం.